మెదకు గుట్టలూ, ఇల్లుబండి రేడియో

హైదరాబాదు నుంచి నర్సాపూరు అడవి మీదుగా మెదకు వచ్చేవారికి, ఊరు ఇంకా దూరాన ఉండగానే రెండు గుర్తులు కనిపిస్తాయి. ఒకటి ఖిల్లా ఉన్న గుట్ట. రెండవది చర్చి గోపురం. గుట్ట సుమారు మూడు వందల అడుగుల ఎత్తు. గోపురం 175 అడుగులు. కాకతీయుల నాటి కోటను తరువాత కుతుబ్‌షాహీలు పెంచి, పైన మసీదు కట్టారు. చర్చి పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కడుపుకు ఇంత మెతుకు పెట్టి దాన్ని కట్టించాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరి పేరే మెతుకు నుంచి వచ్చిందన్న మాట కూడా ఉంది. కాని ఆ పేరు చర్చి కంటే ఎంతో పాతది సుమా.

యాత్రకు వచ్చినవారు ఈ రెండూ చూచి, సాయంత్రానికి ఏడుపాయల దుర్గమ్మను దర్శించి వెళ్ళిపోతారు. తీరిక ఉన్నవారు పోచారం అడవిలో జింకలను కూడా చూచి పోతారు. ఇక్కడ పాఠాలు చెప్పుకుంటూ బ్రతికే నాకు ఈ చోట్లన్నీ పాతవే. అయితే 2025 దసరా సెలవుల్లో వీటిని కొత్త లెక్కన చూడవలసి వచ్చింది. గుట్ట ఎంత అందంగా ఉన్నదన్నది కాదు ప్రశ్న. దాని మీద నిలబడి మాట్లాడితే ఆ మాట ఎంత దూరం పోతుంది, దాని వెనుక నిలబడితే ఎక్కడ ఆగిపోతుంది అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న మా ఇంటికి తెచ్చినవాడు మా బావ. జవాబు రాబట్టింది మా అక్క.

బావ కరెంటు శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవారు సాధారణంగా ఇల్లు కట్టుకుంటారు. మా బావ ఇంటికి చక్రాలు పెట్టించాడు. పెద్ద వ్యాను ఒకటి కొని, లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, చిన్న ఫ్రిజ్జు, కప్పు మీద రెండు సౌరఫలకాలు అమర్పించాడు. విదేశాల్లో మోటార్‌హోమ్ అంటారట. మా వాడకట్టు పిల్లలు దానికి ‘ఇల్లుబండి’ అని పేరు పెట్టారు. ఇంతకంటె మంచి పేరు తెలుగు ఎమ్మే చదివిన నాకు కూడా తట్టలేదు. అమరకంటకం దాకా పోయి నర్మద వెంట తిరిగి రావాలని దంపతులిద్దరికీ కోరిక. అక్కకు మధుమేహం. ఇన్సులిన్ సీసాలు చల్లగా ఉండాలి. అందుకే ఫ్రిజ్జు.

2025 ఆగస్టు 27న వినాయక చవితి. బావ వాళ్ళ సొంత ఊరు ఎల్లారెడ్డి దగ్గర. పండుగకు ఇల్లుబండి మీదనే వెళ్ళారు. ఆ రోజూ ఆ రాత్రీ మెదకు, కామారెడ్డి జిల్లాల మీద పడిన వాన సంగతి పాఠకులు పత్రికల్లో చదివే ఉంటారు. నిజాం కాలంలో, 1922లో పూర్తయిన పోచారం ఆనకట్ట మీదుగా నీళ్ళు కొండచరియ విరిగినట్లు దూకాయి. మెదకు–ఎల్లారెడ్డి రోడ్డు తెగిపోయింది. ఇటు మేము, అటు వాళ్ళు. ఫోను చేస్తే పలకదు. పక్షి ఎగిరినట్లు పోతే ముప్పై కిలోమీటర్లే. కాని మర్నాడు సాయంత్రం దాకా ఒక్క కబురు లేదు. మా అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది, అన్నం ముట్టలేదు. చివరికి ఫోను మోగింది. బండి మెరక మీదనే ఉందనీ, ఫ్రిజ్జు బండి బ్యాటరీ మీద నడిచిందనీ, మందుకు ఏమీ కాలేదనీ తెలిసింది.

ఇంటికి చేరగానే అక్క ఒక్క మాట అన్నది. “తమ్మీ, ఇగ నేను గా బండి ఎక్కాలంటె, ఫోను లేకున్నా పలికేది ఒకటి ఉండాలె. లేకుంటె మీ బావనే నర్మద చుట్టు తిరిగి రమ్మను.”

ఆ మాటతో బావకు కొత్త ఉత్సాహం పుట్టింది. మగవారి ఉత్సాహం సాధారణంగా పెద్ద పెట్టె మీదికి పోతుంది. వంద వాట్ల రేడియో, దానికి రంగురంగుల తెర, ఇరవై మీటలు - ఈ బొమ్మలన్నీ మూడు రాత్రులు చూపించాడు. మెల్బోర్నులో ఉన్న మా మేనల్లుడు ఫోనులో మరొక సలహా ఇచ్చాడు. అక్కడ ఇల్లుబండ్ల వాళ్ళందరి దగ్గరా 477 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే సెట్లు ఉంటాయట. ఎనభై చానళ్ళు. లారీల వాళ్ళు నలభయ్యవ చానల్ మీద, ఇల్లుబండ్ల వాళ్ళు పద్దెనిమిదవ దాని మీద మాట్లాడుకుంటారు. దారిలో చెట్టు పడినా, వంతెన మీద నీళ్ళు వచ్చినా ముందు పోయినవాడు వెనక వచ్చేవాడికి చెబుతాడు. అమెరికాలో 1973 చమురు కొరత తరువాత లారీ డ్రైవర్లు 27 మెగాహెర్ట్జ్ సెట్లను ఇట్లాగే ఊరూరా వాడుకలోకి తెచ్చారు. “నేను ఒక సెట్టు పంపుతాను మామయ్యా,” అన్నాడు.

అక్క వంటింట్లోంచే అడిగింది. “గాడ అందరు ఇంటరు. మంచిదే. ఈడ ఎవరింటరు?”

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, రేడియో కొనబోయే ప్రతివాడూ దుకాణానికి పోకముందు వేసుకోవలసిన ప్రశ్న ఇదే. మన రోడ్ల మీద లారీ డ్రైవరు చేతిలో ఉన్నది సెల్‌ఫోను. ఆస్ట్రేలియా సెట్టు ఇక్కడ పెడితే వినేవాడు లేడు సరికదా, మన చట్టం ఒప్పదు. ఆకాశంలో ఏ మెట్టు ఎవరిదన్నది ప్రతి దేశం తన లెక్కన పంచుకుంటుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోదగిన చేతి వాకీటాకీలకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఒక సన్నని చోటు ఉంది. ఈ హద్దు దాటిన సెట్లు ఇంటర్నెట్టు అంగళ్ళలో ఆటబొమ్మల్లా అమ్ముడుపోతుండగా, 2025లో వాటి అమ్మకాల మీద వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శక సూత్రాలు కూడా వెలువరించింది. కనుక పెట్టె మీద “చాలా దూరం” అని వ్రాసి ఉన్నదా అని కాక, ఏ ఫ్రీక్వెన్సీ వ్రాసి ఉన్నదా అని చూచి కొనుక్కోవటం మంచిది. ఈ చిన్న వాకీటాకీలు పనికిరానివి కావు. బండి గట్టు మీద ఆపి ఒకరు నదికి స్నానానికి దిగినప్పుడు, మరొకరు వంట దగ్గర ఉన్నప్పుడు ఎంతో ఉపకరిస్తాయి. కాని మెదకు నుంచి ఎల్లారెడ్డికి అవి పలకవు.

దూరం పలకాలంటే, సొంతవాళ్ళూ కానివాళ్ళూ వినాలంటే, ఉన్న మార్గం అమెచ్యూర్ రేడియో; హామ్ అని కూడా అంటారు. దీనికి పరీక్ష వ్రాసి ప్రభుత్వం వద్ద లైసెన్సు పొందాలి. పన్నెండేళ్ళు నిండితే ఎవరైనా వ్రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్ అని, జనరల్ అని రెండు తరగతులు. జనరల్ కావాలంటే చుక్కలూ గీతలూ అయిన మోర్స్ భాష కూడా రావాలి. హైదరాబాదు సోమాజిగూడలో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఈ విద్యకు దేశమంతటికీ ఒక కేంద్రంగా ఉంటూ వచ్చింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే ఆవిడ కొందరు సహచరులతో అండమాన్ వెళ్ళారు. ఆ దీవుల నుంచి హామ్ సందేశాలు వినిపించి అప్పటికి చాలా ఏళ్ళయింది. ప్రపంచమంతటా ఉన్న హామ్‌లతో సరదాగా పలకరింపులు జరుపుకోవటానికి పోర్ట్ బ్లెయిర్ హోటల్లో రేడియో పెట్టుకున్నారు. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సముద్రం లేచింది, ఫోన్లు పోయాయి. సరదాకు పెట్టిన రేడియో ఆ రోజు నుంచి దీవులలోని వారి క్షేమసమాచారాలు ప్రధాన భూమికి చేరవేసింది. ఈ కథ విన్నప్పుడు మా అక్క పప్పు గుత్తి పక్కన పెట్టి కూర్చున్నది.

“ఆమె ఆడామెనే గద! గా పరీచ్చ నేను గూడ రాస్త.”

ఇక్కడ మరొక పాత్ర ప్రవేశిస్తుంది. పోలీసు వైర్‌లెస్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఆ తరువాత హామ్‌గా జనరల్ లైసెన్సు మీద తన ఇంట్లో రేడియో పెట్టుకున్న వృద్ధులు ఒకరు మాకు దూరపు చుట్టం. మా పిల్లలు ఆయనను వైర్‌లెస్ తాత అంటారు. ఆయన దసరా మర్నాడు ఒక సంచీ, ఒక చుట్ట తీగ, మడతపెట్టే ఒక గాజునారు గడతో మెదకు దిగాడు. బావ చూపించిన వంద వాట్ల బొమ్మను కళ్ళజోడు పైకి ఎత్తి చూచి, “పెట్టె సంగతి ఆఖర్న చూద్దాం. ముందు కప్పు ఎక్కుదాం,” అన్నాడు.

కప్పు మీద మొదటి తమాషా జరిగింది. బావ అప్పటికే అయస్కాంతం అడుగున్న ఏరియల్ ఒకటి తెప్పించి ఉంచాడు. (ఇప్పటివారు యాంటెన్నా అంటారు, నాకు ఏరియల్ అన్న మాటే నోటికి వస్తుంది.) దాన్ని కప్పు మీద పెడితే అది జారి, ముందు అద్దం మీద పడి, అక్కడి నుంచి మల్లెపొదలో పడింది. ఎందుకంటే కప్పు ఇనుము కాదు. ఇల్లుబండ్లకు బరువు తగ్గించటానికి గాజునారు పలకలో, అల్యూమినియం రేకో వేస్తారు. అయస్కాంతం రెండింటికీ అంటుకోదు. అల్యూమినియం అయితే కనీసం లోహం; బిగిస్తే పని జరుగుతుంది. గాజునారు అయితే అసలు చిక్కు. మామూలు కారు ఏరియల్ సగమే ఏరియల్. రెండవ సగం దాని కింది లోహపు కప్పు. ఆ కప్పు లేకపోతే ఒంటికాలి మీద నిలబడినట్లే. అందుకు రెండు ఉపాయాలు. కప్పు లోపలివైపున మీటరు చదరం రేకు అంటించి, ఏరియల్ కాడకు కలపటం ఒకటి. లోహం అక్కరలేని సగం అల నిడివి ఏరియల్ తెచ్చుకోవటం రెండు. బావ బండి కప్పు గాజునారుది. తాత రేకు పక్షం వహించాడు. సౌరఫలకాలకు వీలైనంత ఎడంగా, వెనక మూలన రేకు వేయించాము.

ఏరియల్ నిడివి అల నిడివి మీద ఆధారపడుతుంది. హామ్‌లకు ఇచ్చిన 144–146 మెగాహెర్ట్జ్ మీద అల సుమారు రెండు మీటర్లు. దానిలో పావు అంటే అర మీటరు కడ్డీ. ఇంకొక రకం కడ్డీ ఉంది, అలలో ఎనిమిదింట అయిదు వంతులు, మీటరు పైచిలుకు. అది మాటను నేలబారుగా దూరం తోస్తుంది. చదునైన చోట మంచిది. కాని మన రోడ్ల మీద చింతకొమ్మలు దానికి జీతం లేని కాపలాదార్లు. ఏడుపాయలకు పోయే దారిలో మొదటి మలుపులోనే కొమ్మ తగిలి అది విల్లులా వంగింది. నడిచే బండికి అర మీటరు కడ్డీ చాలని, ఆగిన చోట ఆరు మీటర్ల గడ లేపి దాని కొసన వేరే ఏరియల్ కట్టుకోవచ్చని తాత తీర్పు. నాకు ఆ తీర్పు నచ్చింది. రోడ్డు మీద ఉన్నవాడి అవసరం వేరు, దిగిన చోట ఉన్నవాడి అవసరం వేరు.

ఇక లెక్క. ఈ అలలు ఇంచుమించు చూపు సాగినంత దూరమే పోతాయి. ఏరియల్ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని నాలుగుతో గుణిస్తే, చదును నేల మీద ఎన్ని కిలోమీటర్లు పోతుందో అందాజుగా వస్తుంది. బండి కప్పు మూడు మీటర్లు, వర్గమూలం ఒకటీ ముప్పాతిక, ఏడు కిలోమీటర్లు. రెండు బండ్లయితే చెరొక ఏడూ కలిసి పద్నాలుగు. ఖిల్లా గుట్ట తొంభై మీటర్లు. దాని వర్గమూలం తొమ్మిదిన్నర. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. చర్చి గోపురం ఎత్తుకు ఇరవై తొమ్మిది వస్తుంది, కాని దేవాలయం మీద ఏరియల్ కట్టమని అడగటానికి మా బావకు కూడా నోరు రాలేదు. గుట్ట మీద ఒకడు, ఎల్లారెడ్డిలో బండి మీద ఒకడు ఉంటే, ముప్పై ఎనిమిదీ ఏడూ నలభై అయిదు. మధ్య దూరం ముప్పై. అంటే ఆగస్టు 28న ఈ ఊరి గుట్ట మీద ఒక మనిషీ ఒక చిన్న సెట్టూ ఉంటే కబురు అందవలసిందన్నమాట, కాగితం మీద.

కాగితాన్ని నమ్మక పరీక్షించాము. మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడికి లైసెన్సు ఉంది. అతడు సెట్టు పట్టుకుని ఉదయాన్నే ఖిల్లా ఎక్కాడు. గండభేరుండ చిహ్నం ఉన్న ద్వారం దగ్గరి నుంచే మొదటి పలకరింపు వచ్చింది. మేము ఇంటి ముందు బండిలో ఉన్నాము. పైన ఫిరంగి దగ్గర మేకలు కాసే కుర్రవాడు అతన్ని చూచి, “సారూ, గిది సెల్ టవరా?” అని అడగటం కూడా మాకు స్పష్టంగా వినిపించింది. అక్కడి నుంచి పోచారం దారి పట్టాము. ఊరు దాటి, హవేలీ ఘనపూర్ దాటి పోయేదాకా మాట స్పష్టంగా ఉంది. వాగు పక్క పల్లంలో దిగేసరికి గరగరమని, మళ్ళీ గట్టెక్కగానే తేటగా. ఎల్లారెడ్డి ఊరి బయట మాట సన్నగా, బావిలోంచి వచ్చినట్లు, కాని మాటగానే వచ్చింది. మిత్రుడు గుట్ట దిగి మా ఇంటికి వచ్చి పలికినప్పుడు మాత్రం ఏమీ లేదు. అదే సెట్టు, అదే బండి. మధ్యన మెదకు గుట్టే అడ్డం. ఎక్కినవాడికి సాయం చేసిన గుట్ట, వెనక నిలబడినవాడి నోరు మూసింది.

ఇక్కడే బావ తన వంద వాట్ల సంగతి మళ్ళీ ఎత్తాడు. శక్తి పెంచితే గుట్ట అవతలికి పోదా? తాత అయిదు వాట్ల సెట్టూ, యాభై వాట్ల సెట్టూ మార్చి మార్చి పలికించాడు. శక్తి పదింతలైనా అవతలివాడి మీటరు మీద ముల్లు రెండు గీతలు కూడా కదలదు. బాగా వినిపించే చోట రెండూ బాగానే వినిపిస్తాయి. వినపడని చోట రెండూ వినపడవు. నడుమ ఉన్న సన్నని గీటు మీద మాత్రమే తేడా. పైగా యాభై వాట్ల సెట్టు నొక్కి మాట్లాడినంతసేపూ పది ఆంపియర్లు తాగుతుంది, వంద వాట్ల పెట్టె ఇరవై దాటుతుంది. అక్క ఫ్రిజ్జు వైపు చూచింది. బావ ఆమె వైపు చూచాడు. ఆ సంభాషణకు రేడియో అక్కరలేకపోయింది.

తాత చెప్పిన మరొక సంగతి విలువైనది. ఏరియల్‌కూ రేడియోకూ మధ్య ఉండే తీగను ఎవరూ పట్టించుకోరు. సన్నని చవకరకం తీగ అయిదు మీటర్లు వాడితే శక్తిలో అయిదో వంతు తీగలోనే ఇగిరిపోతుంది. ఖరీదైన పెట్టె కొని తీగ దగ్గర పొదుపు చేసేవాడు, కుండ నిండా పాలు పోయించుకుని చిల్లి గరిటెతో వడ్డించేవాడితో సమానం అన్నాడు. అట్లాగే ఏరియల్ సరిగా కుదిరిందో లేదో చెప్పే ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు ఒకటి ఉండాలి. ముల్లు ఒకటిన్నర లోపల ఉంటే నిశ్చింత. మూడు దాటితే మాట్లాడవద్దు, శక్తి వెనక్కు తిరిగి వచ్చి సెట్టునే కాలుస్తుంది.

మర్నాడు ఏడుపాయలు. మంజీర నది ఏడు పాయలుగా చీలే ఆ చోట వనదుర్గామాత గుడి రాళ్ళ సందులో ఉంటుంది. ఎగువన ఘనపురం ఆనకట్ట. శివరాత్రి జాతరకు లక్షల జనం. వరద వస్తే గుడిలోకే నీళ్ళు వస్తాయి; తలుపులు మూసి, అమ్మవారి పూజ బయట చేస్తారు. ఇల్లుబండి నిలిపి రాత్రి ఉండటానికి ఇంతకంటె మంచి చోటు మా దగ్గర లేదు. రేడియోకు ఇంతకంటె చెడ్డ చోటూ లేదు. చుట్టూ ఏనుగుల్లాంటి రాతిగుండ్లు. నది పక్క పల్లానికి దిగేసరికి గుట్ట మీది మిత్రుడు మాయమైనాడు. ఆరు మీటర్ల గడ లేపినా ఒకటి రెండు ముక్కలే వచ్చాయి.

అప్పుడు తాత తన తీగ చుట్ట విప్పాడు. ఏడు మెగాహెర్ట్జ్ అల నలభై మీటర్ల పొడవు. దానికి సగం, ఇరవై మీటర్ల తీగ. దాని నడుమ గడ కొసకు కట్టి, రెండు చివరలూ కిందికి లాగి రాళ్ళకు తాళ్ళతో బిగించాడు. చూడటానికి బట్టలారేసే తీగ. ఇంత తక్కువ ఎత్తులో కట్టిన తీగ మాటను నేలబారుగా కాక నిట్టనిలువుగా పైకి పంపుతుంది. అది ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుత్పొరకు తగిలి చుట్టుపక్కలంతా రాలుతుంది. పెరటి గొట్టంతో నీళ్ళు సూటిగా పైకి కొడితే గోడకు ఇవతలా అవతలా కూడా జల్లు పడినట్లు. గుట్టలు ఏమి చేయగలవు? పగలు పదకొండు గంటలకు తాత తన సంకేతనామం చెప్పి పిలిస్తే, హైదరాబాదు నుంచి ఒకరు, ఔరంగాబాదు నుంచి ఒకరు, మెదకులో మా మేడ మీద ఇటువంటి తీగే కట్టుకుని కూర్చున్న మా మిత్రుడు - ముగ్గురూ పలికారు. మిత్రుడి గొంతు రాగానే అక్క అమ్మవారి గుడి వైపు తిరిగి దండం పెట్టింది.

ఈ తీగకూ లోపాలున్నాయి. బండి నడుస్తుండగా ఇరవై మీటర్ల తీగ ఈడ్చుకుపోలేము. నడిచే బండికి ఈ అలల కోసం తీగచుట్ట బిగించిన పొట్టి కడ్డీలు దొరుకుతాయి కాని, పెట్టిన శక్తిలో చాలా భాగం ఆ చుట్టలోనూ నేలలోనూ వేడిగా పోతుంది. పగటి తీరు రాత్రి ఉండదు. మా చర్చిలో లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపించిన అద్దాల బొమ్మలు పొద్దున్నంతసేపే రంగులు చూపి, పొద్దు గుంకగానే నల్లబడతాయి. ఈ ఏడు మెగాహెర్ట్జ్ కూడా అటువంటిదే. చీకటి పడ్డాక దగ్గరివాళ్ళను వదలి దూరదేశాల వాళ్ళను వినిపిస్తుంది. రాత్రి దగ్గరకు మూడున్నర మెగాహెర్ట్జ్ కావాలి, దానికి తీగ రెట్టింపు. మరొక చికాకు, సౌరఫలకాల నుంచి బ్యాటరీ నింపే చిన్న పెట్టె. అది ఆన్‌లో ఉన్నంతసేపూ రేడియోలో తుమ్మెదల గుంపు రొద చేసింది. దాన్ని ఆపగానే నిశ్శబ్దం. కొనేముందు ఇటువంటి రొద లేనిదేదో వాకబు చేయటం మంచిది.

ప్రమాదం గురించి ఒక మాట. పల్లె దారుల్లో పదకొండు వేల వోల్టుల తీగలు వేలాడుతుంటాయి. గడ లేపి ఉన్న సంగతి మరచి బండి కదిపితే అంతే సంగతులు. ముప్పై ఏళ్ళు ఆ తీగల మధ్య గడిపిన బావ ఇక్కడ మాత్రం తమాషాలు ఆడలేదు. గడ లేపగానే స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టాలి, గడ దించి మడిచిన తరువాతే విప్పాలి అని నియమం పెట్టాడు. కట్టటం ఆయన పని, విప్పటం అక్క పని. ఉరుము వినిపిస్తే గడ దిగవలసిందే, ఎంత ముఖ్యమైన మాట మధ్యలో ఉన్నా సరే.

చివరకు తేలిన జాబితా ఇది: యాభై వాట్ల దాకా పోగల మామూలు బండి సెట్టు ఒకటి, లైసెన్సు అనుమతించినంత శక్తికి తగ్గించి వాడుకోవటానికి, రేకు మీద అర మీటరు కడ్డీ, మందపాటి తీగ, మీటరు, గడ, నదీతీరాలకు రెండు 446 వాకీటాకీలు. ఏడు మెగాహెర్ట్జ్ పెట్టె ఇప్పుడు వద్దు, బావకు మోర్స్ వచ్చి జనరల్ లైసెన్సు అందాక చూద్దాం అన్నారు. బావ రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ గ్లాసు మీద చెంచాతో టిక్కుటక్కులు సాధన చేస్తున్నాడు. ఇంటి చిరునామా మీద ఇచ్చిన లైసెన్సు బండికి ఎంతవరకు చెల్లుతుందో దాని షరతుల్లో చదువుకోవాలని తాత రెండుసార్లు చెప్పాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు: హామ్ మాటలకు గుట్టు లేదు. వ్యాపారం మాట్లాడరాదు, రహస్య సంకేతాలు వాడరాదు, దేశంలో ఎవరైనా వినవచ్చు. “మంచిదే. మీ బావ గట్టిగ అరువడు ఇగ,” అన్నది అక్క.

అక్క రెస్ట్రిక్టెడ్ పరీక్ష వ్రాసి ప్యాసయింది. పదవ తరగతితో చదువు ఆపిన మనిషి. ఓం సూత్రాన్ని నీళ్ళ పంపు లెక్కన అర్థం చేసుకున్నది. లైసెన్సు కాగితం ఇంకా రావలసి ఉంది. వి.యు.3తో మొదలయ్యే సంకేతనామం ఒకటి వస్తుంది. అది వచ్చేదాకా బండి మా వేపచెట్టు కిందనే ఉంటుందని ఆమె శాసనం.

ఒక విషయం మాత్రం జాబితాలో చివరిదాకా మిగిలిపోయింది. అక్క ఒక నోటుపుస్తకం తెచ్చి గీతలు గీసింది. ఉదయం ఏడున్నర, మధ్యాహ్నం పదకొండు, సాయంత్రం అయిదు. ఈ వేళలకు దారిలో ఉన్నా, ఊళ్ళో ఉన్నా, ఫోను పలికినా పలకకున్నా పది నిమిషాలు సెట్టు తెరవాలి. ఒక వరుసకు “మేము” అని పేరు పెట్టింది. రెండవ వరుస ఖాళీగా ఉంది.

“ఈడ ఇనేటోడు ఎవరక్కా? మా కాలేజీ సారుకు వేరే పనులుంటయి గద,” అన్నాను.

అక్క పెన్ను నా చేతిలో పెట్టింది. తాత తన పాత ప్రశ్నల పుస్తకం వదిలి వెళ్ళాడు. సంధులూ సమాసాలూ చెప్పుకునే నాకు కెపాసిటరూ కాయిలూ కొత్త. మూడవ పాఠంలో ఉన్నాను.